స్పిట్‌ఫైర్ డోర్ ప్యాడ్ క్లిప్పులు చెన్నైలో దొరకట్లేదు, బదులుగా ఏవి వాడొచ్చు?

పెరంబూర్ స్పిట్‌ఫైర్

అందరికీ నమస్తే. మా మేనమామ షెడ్‌లో ఇరవై ఏళ్ళు దుప్పటి కప్పుకుని పడుకున్న ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పాత ఇంగ్లీషు కారు నా నెత్తిన పడింది, మార్క్ 3, 1968 మోడల్, 1296 సీసీ ఇంజన్. రెండేళ్ళ నుంచి పని చేయిస్తున్నా. ఇంజన్ అయిపోయింది, బ్రేకులు అయిపోయాయి, టింకరింగ్ పెయింటింగ్ కూడా అయిపోయింది, ఇంక లోపల డోర్ ప్యాడ్లు (డోర్ లోపలి వైపు కప్పే బోర్డులు) బిగించి కార్పెట్ పరిచేస్తే బండి రోడ్డెక్కేసినట్టే అనుకున్నా. ఏనుగు వెళ్ళిపోయి తోక దగ్గర చిక్కుకుంది.

విషయం ఏంటంటే డోర్ ప్యాడ్‌ని పట్టుకునే క్లిప్పులు. ప్యాడ్లు ఊడదీసినప్పుడు సగం క్లిప్పులు తుప్పుకి పొడైపోయాయి, మిగతావి మా టింకర్ స్క్రూడ్రైవర్ దూర్చి ఒక్క లాగు లాగేసరికి హార్డ్‌బోర్డ్ ముక్కలతో సహా చేతికొచ్చాయి. బాగున్నవి మొత్తం మీద ఏడు మిగిలాయి, నాకు కావలసింది రెండు డోర్లకీ కలిపి ఇరవై నాలుగు (మధ్యలో ఎవరో ఎక్స్‌ట్రా కన్నాలు వేసినట్టున్నారు, అవి కలపకుండానే). పాతవి స్ప్రింగ్ స్టీల్‌వి, బోర్డు వెనక దూరి ఉంటాయి, ముందు నుంచి తల కనిపించదు.

రెండు శనివారాలు పుదుపేట తిరిగా, జీపీ రోడ్ తిరిగా. ట్రయంఫ్ అనగానే ఒకాయన బైక్ షోరూమ్ అడ్రస్ చెప్పాడు. ఇంకొకాయన నా చేతిలో క్లిప్ చూసి నవ్వి, ఇది ఏ సైకిల్‌దండీ అన్నాడు. ఇంగ్లాండ్ నుంచి తెప్పిద్దామని చూస్తే క్లిప్పుల ఖరీదు కన్నా వాటిని మోసుకొచ్చే కొరియర్ ఖరీదు ఎక్కువ, పైన కస్టమ్స్.

క్లిప్పులు కాక ఇంకా లేనివి: కార్పెట్ స్క్రూల కింద ఉండే కప్ వాషర్లు, టాప్ మడిచాక పైన కప్పే కవర్‌కి బటన్లు, డోర్ కింద అల్యూమినియం పట్టీల స్క్రూలు, గ్లాస్ పక్కన రబ్బరుని పట్టుకునే చిన్న చిన్న క్లిప్పులు. వీటిలో దేనికి లోకల్‌గా బదులు దొరుకుతుందో, దేనికి దొరకదో తెలిసినవాళ్ళు చెప్తే పుణ్యం ఉంటుంది.

ఓఎంఆర్ బుల్లోడు

బ్రో ఇరవై నాలుగు క్లిప్పుల కోసం అంత టెన్షన్ ఎందుకు, రెండు వైపులా గట్టిగా అంటుకునే త్రీఎమ్ వీహెచ్‌బీ టేప్ వేసి అతికించేయ్, అసలు కన్నాలతోనే పనిలేదు. నా బండి బంపర్ గార్నిష్ రెండేళ్ళయింది, కదల్లేదు.

హెరాల్డ్ బాబాయ్

బుల్లోడా, ఆ టేప్ మంచిదే, కాదనను. కానీ ప్యాడ్ ఒకసారి అతికిస్తే సరిపోయేది కాదు నాయనా. ఈ బండ్లలో గ్లాస్ దింపే రెగ్యులేటర్ కోసమో, లాక్‌లో గ్రీజు కోసమో ఏడాదికోసారైనా ప్యాడ్ ఊడదీయాల్సి వస్తుంది, అప్పుడు ఆ టేప్ పెయింట్‌నైనా ఊడబెరుకుతుంది, లేదా హార్డ్‌బోర్డ్ పైపొరనైనా లాక్కొస్తుంది. హార్డ్‌బోర్డ్ అంటేనే చెక్కపొట్టు నొక్కి చేసింది, టేప్ దాని పైపొరని పట్టుకుంటుంది, ఆ పొర బోర్డుని వదిలేస్తుంది. గార్నిష్‌కి టేప్, డోర్ ప్యాడ్‌కి క్లిప్.

ఇప్పుడు పెరంబూర్ అబ్బాయికి. నాది నంగనల్లూర్, ఇంట్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. తెలియనివాళ్ళకి చెప్తున్నా, మన వండలూర్ దగ్గర స్టాండర్డ్ మోటార్స్ వాళ్ళు 1961 నుంచి హెరాల్డ్ చేశారు, స్పిట్‌ఫైర్ అంటే ఆ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టి చేసి కట్టిన బండి, రెండిటికీ బొమ్మ గీసింది ఇటలీ డిజైనర్ మికెలొట్టీనే. అంచేత ఈ ఊళ్ళో స్పిట్‌ఫైర్ మరీ అనాథ కాదు, పాత హెరాల్డ్ మెకానిక్ ఎవరైనా దొరికితే వదలొద్దు.

కానీ నువ్వు చేస్తున్న పొరపాటు ఒకటే, షాపులో బండి పేరు చెప్పడం. బండి పేరు చెప్తే షాపువాడు బుర్రలో ఆ బండి డబ్బా కోసం వెతుక్కుంటాడు, లేదు కాబట్టి లేదంటాడు. కన్నం సైజు చెప్పు. క్లిప్‌కి బండి పేరు తెలియదు, కన్నమే తెలుసు.

ముందు డోర్ రేకులో కన్నం కొలువు. వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్లు తీసుకో, మరలు తిరిగిన వైపు కాదు, నున్నగా ఉండే వెనక వైపు. ఏ బిట్ కాడ సరిగ్గా దూరి ఆడకుండా నిలబడితే అదే కన్నం సైజు. ప్రతి కన్నాన్నీ నిలువుగా ఒకసారి అడ్డంగా ఒకసారి చూడు, తుప్పు పట్టిన కన్నాలు కోడిగుడ్డులా సాగిపోయి ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ బండి కాబట్టి కన్నాలు అంగుళాల లెక్కలో ఉంటాయి, 1/4 అంటే 6.35 ఎంఎం, 5/16 అంటే 7.94 ఎంఎం. ఈ రెండోది నీకు వరం, ఎందుకంటే అది మన 8 ఎంఎంకి వెంట్రుకవాసి తక్కువ, 8 ఎంఎం కన్నానికి చేసిన ఇప్పటి ప్లాస్టిక్ క్లిప్ ఏదైనా దాంట్లో గట్టిగా కూర్చుంటుంది. 1/4 వచ్చిందంటే మాత్రం కష్టం, 6 ఎంఎం క్లిప్ లొడలొడ, 7 ఎంఎం క్లిప్ దూరదు. అప్పుడు ఆ కన్నాన్నే 8కి పెద్దది చేయడం మేలు, చేశాక ఆ అంచుకి ప్రైమర్ పూయకపోతే సంవత్సరం తిరక్కుండా మళ్ళీ కోడిగుడ్డే.

తర్వాత రేకు మందం. ఆ కాలపు బాడీ రేకు 20 గేజ్ చుట్టుపక్కల, అంటే ఇంచుమించు 0.9 ఎంఎం. దీని పని తర్వాత చెప్తా.

అసలు కిటుకు బోర్డు వైపు ఉంది. ఇప్పటి క్లిప్పుల్లో ఒక రకం చూడు, తల ఒక్క చక్రం కాదు రెండు చక్రాలు, మధ్యలో సన్నటి మెడ. ఆ మెడని బోర్డులో తాళంచెవి కన్నం లాంటి గాడిలోకి జరుపుతారు, చక్రాలు రెండూ బోర్డుని అటూ ఇటూ పట్టుకుంటాయి, ముందు నుంచి రెక్సిన్ కప్పేస్తుంది కాబట్టి తల కనపడదు. నీకు కావలసింది ఇదే. కొనేటప్పుడు ఆ రెండు చక్రాల మధ్య సందు చూడు. ప్లాస్టిక్ ప్యాడ్లకి చేసినవాటిలో సందు తక్కువ ఉంటుంది, నీ 3 ఎంఎం హార్డ్‌బోర్డ్ దాంట్లో దూరదు. అలాంటప్పుడు గాడి చుట్టూ బోర్డుని వెనక వైపు ఉలితో కొంచెం చెక్కి పలచన చేసుకోవాలి. నేను హెరాల్డ్‌కి అలాగే చేశా. గాడిలో మెడ కాస్త అటూ ఇటూ జరిగేలా వదులు, కన్నాలు ఒకటి రెండు ఎంఎం తేడా ఉన్నా అదే సర్దుకుంటుంది.

కొనబోయే ముందు అదే మందం రేకు ముక్క ఒకటి తీసుకుని నీ కన్నం సైజులో నాలుగు కన్నాలు వేసి జేబులో పెట్టుకో. షాపు కౌంటర్ మీదే క్లిప్ నొక్కి చూడు. బొటనవేలితో దూరాలి, చేత్తో ఊరికే లాగితే రాకూడదు, కింద వేలు పెట్టి ఎత్తితే టక్ మని రావాలి. పదిసార్లు పెట్టి తీయి. పదోసారికి వదులైపోతే ఆ డబ్బా వద్దు.

గ్లాస్ పక్క రబ్బరు క్లిప్పులు మాత్రం బయట నుంచే తెప్పించు. ఇంగ్లాండ్‌లో పాత బండ్ల సామాను అమ్మే రిమ్మర్ వాళ్ళ దగ్గరో మాస్ వాళ్ళ దగ్గరో ఉంటాయి, వాటికి బదులు వెతికి వెతికి నేను మూడు నెలలు పోగొట్టుకున్నా. పైగా అవి బిగించేటప్పుడు పట్టు తప్పితే డోర్ లోపలికి పడిపోతాయి, నా ఎడమ డోర్‌లో ఇప్పటికీ రెండు గలగలమంటున్నాయి. ఒంటరిగా తెప్పించకు, ఎవరైనా ఇంజన్ సామాను తెప్పిస్తుంటే ఆ పార్సిల్‌లో నీ పొట్లం కూడా వేయించు.

అంబత్తూర్ లేత్

బాబాయ్ చెప్పింది కరెక్ట్. నేను స్క్రూల సంగతి చెప్తా, ఎందుకంటే వారానికొకరు పాత బండి డాష్‌బోర్డు మరలు నాశనం చేసుకుని నా దగ్గరికొస్తారు.

ఈ బండిలో మెషీన్ స్క్రూలు చాలావరకు యూఎన్ఎఫ్, అంటే అంగుళాల లెక్కలో ఉండే సన్న మర, మెట్రిక్ (ఎంఎం లెక్క) కాదు. చిన్నవాటిలో ఎక్కువగా కనిపించేది 10-32, అంటే పదో నెంబర్ లావు, అంగుళానికి 32 చుట్లు. దీని మర పిచ్ (ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ దూరం) 0.794 ఎంఎం, మన ఎం5 పిచ్ 0.8, కంటికి రెండూ ఒకటే. కానీ 10-32 లావు 4.83 ఎంఎం, ఎం5 లావు 5. కాబట్టి ఎం5 స్క్రూ పాత కన్నంలో పెడితే ఒక చుట్టు రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, మనవాళ్ళు తుప్పనుకుని నూనె పోసి ఇంకో చుట్టు తిప్పుతారు, అంతే, మర పోయింది. అలాగే 1/4 కన్నంలో ఎం6 వేస్తే ఇంకో రకం మోసం, లావు తక్కువ కాబట్టి సులువుగా దూరుతుంది, పట్టినట్టే ఉంటుంది, బిగించేసరికి జారిపోతుంది. చేత్తో మూడు చుట్లు తిరగని స్క్రూని స్పానర్‌తో తిప్పకండి, అంతకు మించి రూల్ లేదు. లింగి చెట్టి వీధిలో యూఎన్ఎఫ్ స్క్రూలు దొరుకుతాయి, అంగుళాల మర అని అడిగితే డబ్బా తీస్తారు, కాకపోతే డజన్ల లెక్కన ఇవ్వరు, వంద కొనాల్సిందే.

రేకులోకి పోయే సెల్ఫ్ ట్యాపింగ్‌వి మాత్రం ఎక్కడైనా దొరుకుతాయి, నెంబర్ 6 అంటే 3.5 ఎంఎం, నెంబర్ 8 అంటే 4.2, నెంబర్ 10 అంటే 4.8. కన్నం సాగిపోతే ఒక నెంబర్ పైకి వెళ్ళండి, కప్ వాషర్ కూడా దానికి తగ్గట్టే. తల గురించి ఒక మాట, మనం అన్నిటినీ స్టార్ స్క్రూ అంటాం కానీ ఆ బండిలోవి చాలావరకు పోజిడ్రైవ్, ప్లస్ గుర్తుకి మధ్య మధ్యలో సన్నటి గీతలు నాలుగు ఉంటాయి. దానికి మామూలు స్టార్ బిట్ పెడితే జారి తల అరిగిపోతుంది, పీజెడ్2 బిట్ కొనుక్కోండి.

డోర్ కింద అల్యూమినియం పట్టీలకి స్టెయిన్‌లెస్ స్క్రూలు కదా అని మురిసిపోవద్దు, చెన్నై ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ బాగానే ఉంటుంది, దాని చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. రెండు లోహాలు కలిసి మధ్యలో ఉప్పునీరు చేరితే అది బ్యాటరీనే, నష్టపోయేది అల్యూమినియం. స్క్రూ తల కింద నైలాన్ వాషర్ ఒకటి, మరకి కాస్త మైనం గ్రీజు పెట్టండి.

అన్నట్టు సీట్ బెల్ట్ బోల్ట్ ట్రిమ్ (పైపై అలంకారం) కాదు, దానికి బదులు వెతక్కండి. అది 7/16 యూఎన్ఎఫ్, అదే వేయాలి, బలం చెప్పే గ్రేడ్ గుర్తు ఉన్నదే వేయాలి.

పెరంబూర్ స్పిట్‌ఫైర్

బాబాయ్, లేత్ అన్నా, ఇద్దరికీ దండాలు. ఇప్పుడు నా తెలివి ఒకటి చెప్తా, తిట్టొద్దు.

మిగిలిన ఏడు ఒరిజినల్ క్లిప్పుల్ని పారేయడం ఎందుకని తుప్పు పోవడానికి బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే తెలిసినాయన ప్లేటింగ్ షాపులో జింక్ వేయించా. వెండి ముక్కల్లా మెరుస్తూ వచ్చాయి, మా ఆవిడైతే మెట్టెలనుకుంది. రాత్రి పాత బోర్డులో పెట్టి డోర్‌కి నొక్కితే ఏడూ చక్కగా కూర్చున్నాయి, ఫొటో కూడా తీసుకున్నా. పొద్దున చూస్తే ప్యాడ్ ఒక మూల వాలిపోయి ఉంది, కింద రెండు క్లిప్పులు రెండేసి ముక్కలు. ఎవరూ ముట్టుకోలేదు. మిగతావి తీయబోతే ఇంకో మూడు వేళ్ళ మధ్యే టిక్ టిక్ మన్నాయి. ముక్కల అంచు చూస్తే వంపు లేదు, అప్పడం విరిగినట్టు విరిగాయి. ప్లేటింగ్ షాపాయన్ని అడిగితే మీ ఇనుము పాతదండీ అన్నాడు. ఇనుము పాతదైతే యాభై ఏళ్ళు ఎలా ఉన్నట్టు?

అంబత్తూర్ లేత్

తిట్టను కానీ నవ్వొచ్చింది, ఈ తప్పు నేనూ చేశా, నాది క్లిప్పులు కాదు, కస్టమర్‌వి స్ప్రింగ్ వాషర్లు, రెండు వందలు.

అది ఇనుము పాతదై కాదు. గట్టిగా టెంపర్ చేసిన స్ప్రింగ్ స్టీల్‌ని యాసిడ్‌లో పెట్టినప్పుడు హైడ్రోజన్ పుట్టి కొంత స్టీల్‌లోకి దూరుతుంది, కరెంటు పెట్టి జింక్ వేసేటప్పుడు ఇంకాస్త దూరుతుంది, పైన జింక్ పొర మూత పెట్టినట్టు దాన్ని లోపలే ఉంచేస్తుంది. ఊరికే బల్ల మీద ఉంటే ఏం కాదు. బిగించి స్ప్రింగ్‌ని సాగదీసి ఉంచితే, ఆ హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువున్న చోటికి నెమ్మదిగా చేరి అక్కడ చీలిక తెస్తుంది. అందుకే రాత్రి బాగుండి పొద్దున విరిగింది. మెత్తటి ఇనుముకి ఈ జబ్బు రాదు, మామూలు రేకు స్క్రాప్ యాసిడ్‌లో పెట్టినా ఇలా విరగదు, గట్టి స్టీల్‌కే వస్తుంది.

ప్లేటింగ్ చేయించాలంటే, బయటికి తీసిన నాలుగు గంటల్లోపు ఓవెన్లో పెట్టి 200 డిగ్రీల దగ్గర గంటలకొద్దీ కాల్చాలి, ఇది స్ప్రింగ్ స్టీల్ అని ముందే చెప్తే తెలిసినవాళ్ళు చేస్తారు. నువ్వు చెప్పి ఉండవు, ఆయన అడిగి ఉండడు. ఇలాంటి చిన్నవాటికి నా పద్ధతి, యాసిడ్ జోలికే పోకుండా ఇత్తడి బ్రష్‌తో తోమి ఫాస్ఫేట్ ప్రైమర్ పలచగా పూసి బిగించేటప్పుడు మైనం రాయడం. వెండిలా మెరవదు, డోర్ లోపల చూసేదెవరు? మిగిలిన రెండూ కూడా వాడకు.

షావుకారుపేట దర్జీ

బటన్ల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను. మాది మూడు తరాలుగా సీట్ కవర్లు, టాప్‌లు కుట్టే ఇల్లు, మా తాత గుర్రబ్బండి గూడుకి కుట్టాడు, నేను కార్లకి కుడుతున్నా.

మీ కవర్‌కి పడేది పెద్ద టిచ్ బటనే, జాకెట్ బటన్ కాదు. బటన్ల సైజు లైన్లలో చెప్తారు, 40 లైన్లు అంటే అంగుళం, మీకు కావలసింది 24 లైన్, అంటే టోపీ వెడల్పు 15 ఎంఎం పైచిలుకు. మా వైపు టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో, జీపు టాప్ కుట్టేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. బాడీ వైపు గుబ్బ రెండు రకాలు, ఒకటి కింద స్క్రూ ఉన్నది, రెండోది రివెట్‌ది. మీరు స్క్రూది తీసుకోండి, పాత కన్నంలోకే పోతుంది.

జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. ఇనుము మీద నికెల్ పూసింది ఠక్కున అతుక్కుంటుంది, ఇత్తడి మీద పూసింది అతుక్కోదు, మహా అయితే పైన నికెల్ వల్ల కాస్త మొగ్గుతుంది. ఇనుముది రెండు వానాకాలాలకి ఎర్రటి మరక కార్చి కవర్‌ని పాడుచేస్తుంది. ఇత్తడిదే కొనండి, ధర తేడా ఉంటుంది, బేరం ఆడండి.

లిఫ్ట్ ద డాట్ అని ఇంకో రకం కూడా ఉంది, చతురస్రంగా ఉంటుంది, మూడు వైపులా పట్టుకుని చుక్క ఉన్న నాలుగో వైపు ఎత్తితేనే ఊడుతుంది. మీ కవర్‌కి ఏదో ఒక చోట అది ఉండి ఉంటే దాని బదులు టిచ్ బటన్ వేయకండి, గాలికి లాగే చోట వేస్తారు దాన్ని, టిచ్ బటన్ బీచ్ రోడ్డు మీదే లేచిపోతుంది.

ఇంక బటన్ వేసే వేళ. కొత్త వినైల్ కవర్ని పొద్దున ఎండలో ఒక గంట పరిచి, వేడెక్కాక లాగి, మధ్యలో మొదటి బటన్ వేసి అక్కణ్ణుంచి రెండు వైపులకీ పోవాలి. పాత కవర్ మీద కన్నాలు కొలిచి కొత్తదానికి వేయకండి, యాభై ఏళ్ళ వినైల్ కుంచించుకుపోయి ఉంటుంది, ఆ కొలతకి కొత్తది వేస్తే అలలు అలలుగా వస్తుంది. ఏసీ రూమ్‌లో వేసిన కవర్ మధ్యాహ్నానికి అత్తగారి మొహంలా వేలాడుతుంది. మాకు తెలుసు, వేసి చూశాం.

కోరమంగళ ప్రింటర్

బెంగళూరు నుంచి. క్లిప్పులు త్రీడీ ప్రింట్ చేద్దామని ఎవరో ఒకరు అడుగుతారు కదా, ఎవరూ అడగలేదు, నేనే చెప్పేస్తున్నా. ప్రింటింగ్ ప్లాస్టిక్కుల్లో పీఎల్ఏ వద్దు, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఎండలో పార్క్ చేసిన కారులో అది ఎంతసేపు? పీఈటీజీ 80 దాకా ఓర్చుకుంటుంది, ఏఎస్ఏ 100 దాకా. కానీ ఏదైనా సరే క్లిప్‌ని నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరలు అడ్డంగా వచ్చి లాగినప్పుడు పొర దగ్గరే తెగుతుంది, పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. నిజం చెప్పాలంటే రెక్కలున్న స్ప్రింగ్ భాగానికి మౌల్డింగ్ నైలాన్‌కి సాటి రాదు. నేను ప్రింట్ చేసేది కొత్త క్లిప్‌కీ పాత బోర్డుకీ మధ్య వచ్చే అడాప్టర్ వాషర్లు, సాగిపోయిన కన్నాల్లో కూర్చునే బుష్‌లు, అంతే. అవి కావాలంటే కొలతలు పంపు, బస్సులో వేసేస్తా.

ఇంకోటి, నైలాన్ క్లిప్ ఏళ్ళ తరబడి డబ్బాలో ఎండిపోయి ఉంటే నొక్కగానే రెక్క విరుగుతుంది. బిగించే ముందు వేడినీళ్ళలో ఒక గంట వేసి ఉంచు. నైలాన్ నీళ్ళు పీల్చుకుంటే మెత్తదనం, సాగుడు వస్తాయి.

పెరంబూర్ స్పిట్‌ఫైర్

నాలుగు వారాల తర్వాత వస్తున్నా, ఆఫీసులో ఆడిట్.

బాబాయ్ చెప్పినట్టే రేకు ముక్కకి కన్నాలు వేసి జేబులో పెట్టుకుని పుదుపేట వెళ్ళా. కన్నాలు కొలిస్తే పద్దెనిమిది 5/16కి సరిపోయాయి, మూడు కొంచెం సాగాయి, మూడు పూర్తిగా కోడిగుడ్లు. ఈసారి బండి పేరు ఎత్తలేదు, 8 ఎంఎం కన్నం, తల రెండు చక్రాలది అన్నా. కిందటిసారి సైకిల్‌దా అని నవ్విన ఆయనే కౌంటర్ కింద నుంచి పాత బిస్కెట్ డబ్బా తీసి బోర్లించాడు, ఏ ఏ కార్లవో రెండు మూడు వందల క్లిప్పులు, తెల్లవి నల్లవి పసుపువి. స్టూల్ వేసి కూర్చోబెట్టాడు. ముప్పావు గంట రేకు ముక్కలో పెట్టి తీసి పెట్టి తీసి రెండు రకాలు తేల్చా. ఒక రకం బాగా బిగుతుగా ఉంది కానీ పదోసారికి రెక్కలు పడుకున్నాయి. రెండోది మారుతి దేనిదోనట, పదిహేనుసార్లు తీసినా టక్ మంటూనే ఉంది. అవి ఇరవై ఆరు తీసుకున్నా. టీ కూడా ఆయనే ఇప్పించాడు.

పాత బోర్డు ఉబ్బిపోయింది కాబట్టి కొత్తది 3 ఎంఎం కోయించా. ఇక్కడ మళ్ళీ ఒక చిక్కు, కొత్త బోర్డు మీద గాడి ఎక్కడ వేయాలో తెలిసేదెలా? పాతది చూసి గీద్దామంటే మూలలే లేవు. క్లిప్పులన్నీ డోర్ కన్నాల్లోకి ముందే నొక్కి, తలల మీద మా ఆవిడ కాటుక తలా ఒక చుక్క పెట్టి, ఒక్కో డోర్‌కీ దాని బోర్డుని సరిగ్గా పట్టుకుని ఒక్కసారి అదిమా. తీసి చూస్తే రెండు బోర్డుల మీదా కలిపి ఇరవై నాలుగు నల్ల చుక్కలు. కాటుక డబ్బా ఖాళీ, దాని మీద ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను.

సందు సంగతి బాబాయ్ చెప్పినట్టే అయ్యింది, బోర్డు దూరలేదు, ఉలితో వెనక చెక్కుకున్నా. మొదటి రెండు గాడుల దగ్గర ఎక్కువ చెక్కేసి బోర్డు చిరిగింది, ఫెవికాల్ పెట్టి వెనక కాన్వాస్ ముక్క అతికించా. కోడిగుడ్డు కన్నాలు మూడింటికీ ప్రింటర్ బ్రో బుష్‌లు పంపాడు, చక్కగా కూర్చున్నాయి. క్లిప్పులు వేడినీళ్ళలో వేసే బిగించా, ఒక్క రెక్కా విరగలేదు. ఎం5 స్క్రూ ఒకటి డాష్‌లో అప్పటికే ఇరుక్కుని ఉంది, అది నాకన్నా ముందు ఎవరో చేసిన ఘనకార్యం, అన్న దగ్గరికి తెస్తా.

రెండు ప్యాడ్లూ ఎక్కాయి. డోర్ వేస్తే పాత రోజుల్లో లాగా ఠప్ మని ఒకే చప్పుడు, గలగల లేదు.

హెరాల్డ్ బాబాయ్

శభాష్. ఫొటో పెట్టు. అన్నట్టు ప్యాడ్ వెనక, రేకు మీద పాలిథిన్ షీట్ అతికించావు కదా? గ్లాస్ పక్క నుంచి వాననీళ్ళు డోర్ లోపలికి ఎలాగూ దిగుతాయి, కింద కన్నాల్లోంచి పోవాలి, ఆ షీట్ లేకపోతే నీళ్ళు నేరుగా హార్డ్‌బోర్డ్ వీపు మీదే పడతాయి. నీ పాత బోర్డు ఉబ్బింది, క్లిప్పులు పొడైంది అందుకే అయ్యుంటుంది.

పెరంబూర్ స్పిట్‌ఫైర్

బాబాయ్...

అతికించలేదు. అసలు అలాంటిది ఒకటి ఉంటుందనే తెలియదు, నాకు బండి వచ్చినప్పుడే లేదు.

హెరాల్డ్ బాబాయ్

అయితే తీయి. మందం పాలిథిన్, చుట్టూ బంకలా సాగే బ్యుటైల్ టేప్, కింది అంచు డోర్ లోపలికి మడిచి పెట్టు, బయటికి కాదు. కింద నీళ్ళు పోయే కన్నాలు పెయింట్‌తో మూసుకుపోయాయేమో ఒక పుల్ల పెట్టి చూడు. బుల్లోడా, చూశావా, టేప్ వేసి ఉంటే ఇప్పుడు ఏం చేసేవాడు?

ఓఎంఆర్ బుల్లోడు

ఒప్పుకున్నా బాబాయ్ 🙏

పెరంబూర్ స్పిట్‌ఫైర్

ఆదివారం రెండూ ఊడదీశా. ఎడమ డోర్ కింది కన్నాలు రెండూ నిజంగానే పెయింట్‌తో మూసుకుపోయి ఉన్నాయి. షీట్లు వేసి మళ్ళీ బిగించా. ఇరవై నాలుగు క్లిప్పుల్లో ఒక్కటి విరిగింది, ఎక్స్‌ట్రా తెచ్చిన రెండిట్లో ఒకటి దానికి పోయింది, రెండోది గ్లవ్ బాక్స్‌లో రేకు ముక్కతో కలిపి పెట్టుకున్నా.